ఊరెళితే ఇంటి తాళం ఎవరికి ఇస్తారు?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఉద్యోగం మారి, ఎవరూ తెలియని ఊరికి వెళుతున్నారు. తొమ్మిదేళ్ళ బాబు, నాలుగేళ్ళ పాప. ఇప్పుడున్న చోట ఆరేళ్ళుగా ఉంటున్నా పక్కింటివాళ్ళ పేర్లు తెలియవు. ఈసారైనా పిల్లలు బయట ఆడుకునే చోట, కనిపిస్తే నలుగురూ పలకరించుకునే చోట ఉండాలని మీ కోరిక. రెండు ఇళ్ళు చూశారు. ఒకటి పెద్ద రోడ్డు మీద మూడు పడకగదుల కొత్త ఇల్లు, రెండోది లోపలి సందులో రెండు గదుల పాత ఇల్లు. రెండో దానికి ఆదివారంలోగా అడ్వాన్సు ఇవ్వాలి. మంచి మనుషులున్న వీధిని ముందే కనిపెట్టడం ఎలా అని అడిగారు.

మా ఇంట్లో ఇద్దరివీ బదిలీల ఉద్యోగాలు. ఇరవై నాలుగేళ్ళలో పదకొండు ఇళ్ళు మారాం. ఒకచోట మూడేళ్ళు నివాసితుల సంఘానికి కార్యదర్శిగా ఉండి, ఎవరి కారు ఎవరి గేటుకు అడ్డం పెట్టారన్న పంచాయితీలు లెక్కలేనన్ని తీర్చాను. ఆ అనుభవంతో చెబుతున్నాను, మీ ప్రశ్నలోనే చిన్న పొరపాటుంది. మనుషులు మంచివాళ్ళా కాదా అని వెతకకండి. నేను చూసినంతలో అన్ని వీధుల్లోనూ మనుషులు ఇంచుమించు ఒకేలాంటివాళ్ళు. వాళ్ళు పనిగట్టుకోకుండానే రోజూ ఒకరికొకరు ఎదురుపడే వీలు ఎక్కడ ఉందో వెతకండి. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నిజమే, కానీ ఆ నోరు విప్పడానికి ఎదుట ఒక మనిషి ఉండాలి కదా.

ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నది. మా ఆరో ఇంటికి వెళ్ళేటప్పుడు ప్రకటనలో ఏముందో అంతా నమ్మాం. ఈతకొలను, ఆటస్థలం, క్లబ్బు హాలు, "కుటుంబాలకు అనువైన వాతావరణం". అన్నీ ఉన్నాయి, అబద్ధం లేదు. కానీ కారు నేరుగా నేలమాళిగలోకి దిగేది. అక్కడి నుంచి లిఫ్టు మా అంతస్తుకు. లిఫ్టు దిగితే తలుపు. ఈ దారిలో ఎక్కడా ఆకాశం కనిపించేది కాదు, మనిషీ కనిపించేవాడు కాదు. ఆటస్థలం భవనం వెనుక, జనరేటర్ గది పక్కన. క్లబ్బు హాలుకు తాళం, ఆ తాళం కోసం కాపలాదారు దగ్గర రిజిస్టరులో సంతకం. నాలుగు నెలల తర్వాత ఒక సాయంత్రం మా అమ్మాయి అడిగింది: "అమ్మా, ఇక్కడి పిల్లలు కార్లలోనే ఉంటారా?" పిల్లలు కారు అద్దాల వెనుక తప్ప దానికి ఎప్పుడూ కనిపించలేదు మరి. రెండేళ్ళ తర్వాత మేం ఖాళీ చేస్తున్న రోజు, అట్టపెట్టెలు దించుతుంటే పక్కింటావిడ లిఫ్టు తలుపు పట్టుకుని, ఎంతో మర్యాదగా, "కొత్తగా వచ్చారా?" అన్నారు. ఆవిడ మంచి మనిషే. ఆ రెండేళ్ళలో మేమిద్దరం ఒకరికొకరు ఎదురుపడే చోటు ఆ కట్టడంలో ఒక్కటీ లేదు, అంతే.

ఏడో ఇల్లు మాకు గత్యంతరం లేక దొరికింది. గోడలకు రంగు పెచ్చులూడుతోంది. సందుకు అటు చివర దారి లేదు. మొత్తం తొమ్మిది ఇళ్ళు. చేరిన వారంలో బల్బు మార్చడానికి నిచ్చెన కావాల్సి వచ్చి ఎదురింట్లో అడిగాను. "అది ఈ వారం చివరింటివాళ్ళ దగ్గర ఉండాలండీ" అన్నారు. చివరింట్లో అడిగితే మధ్య ఇంటికి పంపారు. చివరికి నిచ్చెన దొరికేసరికి ఐదిళ్ళవాళ్ళతో పరిచయమైంది. ఆ నిచ్చెన అసలు ఎవరిదో అక్కడున్న నాలుగేళ్ళలో నాకు తెలియలేదు. నడిమి మెట్టుకు కట్టిన నీలం తాడు మాత్రం ఇప్పటికీ గుర్తుంది. మా అమ్మాయికి ఈరోజుకీ ఉన్న ముగ్గురు ప్రాణస్నేహితుల్లో ఇద్దరు ఆ సందులోవాళ్ళే.

ఇది నా ఒక్కదాని భ్రమ కాదని చెప్పడానికి రెండు అధ్యయనాలు ప్రస్తావిస్తాను. అమెరికాలో ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయ విద్యార్థి కుటుంబాల నివాసాల్లో మనస్తత్వవేత్త లియోన్ ఫెస్టింగర్ బృందం స్నేహాల లెక్క తీసి 1950లో ప్రచురించింది. ఇళ్ళు కోరుకున్నవి కావు, ఏది ఖాళీ అయితే అది దక్కినవి. పక్క తలుపువాళ్ళ మధ్య దగ్గరి స్నేహం ఏర్పడింది 41 శాతం సందర్భాల్లో. అదే అంతస్తులో వరండాకు అటు చివర, ఇటు చివర ఉన్నవాళ్ళ మధ్య 10 శాతమే. మధ్యలో ఉన్నది నాలుగు తలుపుల దూరం! మెట్ల మొదట్లో ఉన్న ఇళ్ళవాళ్ళకు పై అంతస్తువాళ్ళతో కూడా పరిచయాలు పెరిగాయి, ఎందుకంటే పైవాళ్ళు దిగేదీ ఎక్కేదీ వాళ్ళ గుమ్మం ముందు నుంచే. రెండోది నగర రూపకల్పన ఆచార్యుడు డోనాల్డ్ యాపిల్‌యార్డ్ అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో మూడు వీధులను పోల్చి చూసిన అధ్యయనం. రోజుకు 2,000 వాహనాలు తిరిగే వీధిలో మనిషికి సగటున ముగ్గురు స్నేహితులు, ఆరుగురికి పైగా పరిచయస్థులు. 16,000 వాహనాల వీధిలో స్నేహితుడు ఒక్కడు కూడా పూర్తిగా లేడు, 0.9. పరిచయస్థులు ముగ్గురు. మీ ఇల్లు ఎంతవరకో గీయమంటే వాహనాలు తక్కువున్న వీధివాళ్ళు వీధి మొత్తాన్ని గీశారు. రద్దీ వీధివాళ్ళు తమ భవనం దగ్గరే ఆగిపోయారు. పెద్ద రోడ్డు మీది మూడు పడకగదుల ఇల్లు అన్నారు కదా, దాని గురించి నేను వేరే చెప్పక్కర్లేదు అనుకుంటాను.

ఇక ఎలా చూడాలో చెబుతాను. బ్రోకరు మిమ్మల్ని ఇల్లు చూడటానికి ఎప్పుడు రమ్మంటాడు? పట్టపగలు పదకొండింటికి. ఆ వేళకు ఏ వీధైనా శ్మశానంలాగే ఉంటుంది. మీరు చూడాల్సింది మామూలు పనిదినం సాయంత్రం, బడి వదిలినప్పటి నుంచి చీకటి పడేవరకు ఉండే గంటన్నర. మళ్ళీ రాత్రి తొమ్మిదిన్నరకు ఒకసారి. వీలైతే ఉదయం పిల్లలు బడికి బయలుదేరే అరగంట. కారులో చుట్టి రావద్దు, నడవండి. వీధి ఈ చివర నుంచి ఆ చివరకు రెండుసార్లు, మెల్లగా.

నడిచేటప్పుడు ఇళ్ళ వంక కాక మనుషులు ఎక్కడ ఆగుతున్నారో చూడండి. నా దృష్టిలో ఇదే అన్నింటికన్నా పెద్ద గుర్తు. నడిచే మనుషులు అన్ని వీధుల్లోనూ ఉంటారు, ఆగే మనుషులు కొన్ని వీధుల్లోనే కనిపిస్తారు. మలుపు దగ్గర చెట్టు నీడ, గేటు పక్కన రెండు మెట్లు, ఎవరో బయట వేసి వదిలేసిన ప్లాస్టిక్ కుర్చీ, కూర్చోవడానికి వీలుగా ఉన్న పిట్టగోడ. వాటి మీద ఎవరైనా ఉన్నారా? చేతిలో సంచీతో నిలబడి మాట్లాడుతున్నవాళ్ళున్నారా? సంచీ కింద పెట్టి మాట్లాడుతుంటే ఇంకా మంచిది, అది పది నిమిషాల కబురన్నమాట. ప్రహరీగోడలు ఎంత ఎత్తున్నాయో కూడా చూడండి. నడుము ఎత్తు గోడ మీదుగా మాట సాగుతుంది. తల దాటిన గోడ మీదుగా సీసీ కెమెరా ఒక్కటే చూస్తుంది. వీధి మీద చూసే కళ్ళుంటే వీధి క్షేమంగా ఉంటుందని నగర జీవితం గురించి రాసిన రచయిత్రి జేన్ జేకబ్స్ 1961లోనే రాశారు. ఆవిడ ఉద్దేశించినది కిటికీలోంచి, మెట్ల మీద నుంచి ఊరికే చూసే కళ్ళు.

రెండోది, వాహనాల వేగం. దీన్ని కళ్ళతో అంచనా వేయలేం, కొలవాలి. చాలా తేలిక. మామూలు నడకలో సుమారు డెబ్బై అంగలు వేస్తే యాభై మీటర్లు. ఆ రెండు చివరలకు ఏదో ఒక గుర్తు పెట్టుకుని, వచ్చే వాహనం ఎన్ని సెకన్లలో దాటుతుందో ఫోనులో చూడండి. ఆరు సెకన్లు పడితే గంటకు 30 కిలోమీటర్ల వేగం. నాలుగు సెకన్లలో దాటేస్తే 45. పిల్లలూ వాహనాలూ కలిసి ఉండే చోట 30 దాటకూడదని 2020లో స్టాక్‌హోమ్‌లో జరిగిన ప్రపంచ రోడ్డు భద్రతా సదస్సు ప్రకటించింది. పది వాహనాలు కొలిస్తే చాలు, పిల్లవాడిని బయటికి పంపగలరో లేదో మీకే తెలిసిపోతుంది.

మూడోది పిల్లలు. పిల్లలు ఉన్నారా అని కాదు, పెద్దలు వెంట లేకుండా కనిపిస్తున్నారా అని చూడండి. ఇంగ్లండులో 1971లో ఏడెనిమిదేళ్ళ పిల్లల్లో 80 శాతం తమంతట తామే బడికి వెళ్ళేవారు. 1990కి అది 9 శాతానికి పడిపోయిందని మేయర్ హిల్మన్ అనే పరిశోధకుడి బృందం తేల్చింది. తల్లిదండ్రులు చెప్పిన కారణాల్లో వాహనాల భయమే పెద్దది. అంటే ఎనిమిదేళ్ళ పిల్ల ఒంటరిగా పక్కవీధికి వెళ్ళి వస్తోందంటే, ఆ వీధి మీద ఆమె తల్లిదండ్రులకు ఉన్న నమ్మకం మీ కళ్ళముందే నడుస్తోందన్నమాట. తాళం వేయకుండా బయట పడేసిన సైకిలు, గోడ మీద సుద్దతో గీసిన గీతలు, ఎవరిదో ఒక్క చెప్పు. ఇవన్నీ మంచి ఆనవాళ్ళే. "ఇక్కడ ఆటలు నిషేధం" అన్న బోర్డు ఎంత అందంగా రాసి ఉన్నా మంచి ఆనవాలు కాదు.

ఇక్కడ చిన్న జాగ్రత్త. వయసులు సరిపోవాలి. ఒకేసారి ఇళ్ళు కట్టుకుని ఒకేసారి చేరిన వీధిలో పిల్లలంతా ఒకేసారి పెద్దవాళ్ళైపోతారు. మీరు వెళ్ళేసరికి అందరూ పదిహేడేళ్ళవాళ్ళైతే మీ పాపకు తోడు దొరకదు. అద్దె ఇళ్ళూ సొంత ఇళ్ళూ కలగలిసిన వీధిలో ఈ ఇబ్బంది తక్కువ, ఎప్పుడూ ఎవరో ఒకరు చిన్నపిల్లలతో దిగుతూనే ఉంటారు.

తర్వాత అడగడం. "ఇక్కడ మనుషులు ఎలాంటివాళ్ళండీ?" అని మాత్రం అడగకండి. ఎవరైనా "చాలా మంచివాళ్ళు" అనే అంటారు. తన వీధిని కొత్తవాళ్ళ ముందు తిట్టుకునేది ఎవరు? జవాబుగా ఒక పేరో, ఒక సంఘటనో చెప్పక తప్పని ప్రశ్న అడగాలి. నేను ప్రతిచోటా అడిగేది ఒకటే: "మీరు నాలుగు రోజులు ఊరెళితే ఇంటి తాళం ఎవరికి ఇస్తారు?" జవాబు ఎంత త్వరగా వస్తుందో గమనించండి. మూడు ఇళ్ళలో అడిగితే మూడు చోట్లా వెంటనే ఒక పేరు వచ్చిందంటే ఇక వెతకక్కర్లేదు. "తాళం ఎందుకండీ, లాకర్ ఉంది, కెమెరాలున్నాయి" అన్నారంటే అదీ జవాబే. ఇంకో ప్రశ్న: "అర్ధరాత్రి పిల్లకు జ్వరం వస్తే ఎవరి తలుపు కొడతారు?" మూడోది, ఇల్లు ఖాళీ చేసి వెళుతున్నవాళ్ళను వెతికి పట్టుకుని అడగాల్సింది: "మళ్ళీ ఇదే వీధిలో ఇల్లు దొరికితే వస్తారా?" వెళ్ళేవాళ్ళకు మొహమాటం ఉండదు, నిజం చెబుతారు.

గొడవల గురించి కూడా అడగండి. "ఇక్కడ ఎప్పుడూ గొడవల్లేవండీ" అన్న వీధిని నేను నమ్మను. మనుషులు దగ్గరగా బతికితే చెత్తడబ్బా దగ్గరో, పార్కింగ్ దగ్గరో మాట మాట అనుకోక తప్పదు. ఆ తర్వాత ఏమైందన్నదే ముఖ్యం. ఒకరింటికి ఒకరు వెళ్ళి మాట్లాడుకున్నారా, లేక సంఘం వాట్సాప్ గ్రూపులో ఫొటోలు పెట్టుకుంటున్నారా? వీలైతే ఎవరి ఫోనులోనైనా ఆ గ్రూపు చూపించమనండి. నేను చూసిన ఒక గ్రూపులో నెల రోజుల మాటలన్నీ "ఎవరో గేటు దగ్గర..." అనే మొదలయ్యాయి. అందరూ ఒకే గోడ పంచుకుంటున్నా అక్కడ ఎవరికీ పేరు లేదు, అంతా "ఎవరో". మరోచోట "మా పిల్లి ఎవరింట్లో ఉంది?" అని ఒకరు, "మా మేడ మీద, పడుకుంది" అని జవాబు. ఎక్కడ ఉండాలో మీకే తెలుస్తుంది.

అమెరికాలోని షికాగోలో సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ శాంప్సన్ బృందం 8,782 మందిని ఇలాంటి ప్రశ్నలే అడిగి 1997లో ఫలితాలు ప్రచురించింది. బడి ఎగ్గొట్టిన పిల్లలు వీధి మలుపులో తిరుగుతుంటే మీ ఇరుగుపొరుగు కల్పించుకుంటారా, గోడ మీద రంగులు పూస్తుంటే అడుగుతారా అని. అవునన్నవాళ్ళు ఎక్కువగా ఉన్న పేటల్లో హింస తక్కువ. పేదరికాన్ని లెక్కలోకి తీసుకున్నాక కూడా అంతే. అందుకే ఖరీదైన వీధి అంటే మంచి వీధి అనుకోవద్దంటాను. మీ బాబు రోడ్డు మీదికి పరుగెత్తితే అరిచి ఆపే పరాయి పెద్దావిడ ఒకరు ఉన్నారా లేదా అన్నది అద్దె అంకెలో కనిపించదు.

"కుటుంబాలు ఉండే చోటు" అన్న మాట గురించి ఒక్క విషయం. ఆ మాట వెనుక కొన్నిసార్లు ఇంకో అర్థం ఉంటుంది: ఒంటరివాళ్ళకు ఇల్లివ్వం, ఫలానావాళ్ళను రానివ్వం, అంతా "మనవాళ్ళే" ఉండాలి. ఓనరు అలా గొప్పగా చెబుతుంటే నేను వెనక్కి వచ్చేస్తాను. ఈరోజు ఇంకొకరిని కాదన్న గేటు రేపు ఏదో ఒక సాకుతో నన్నూ కాదంటుంది. పైగా మా సందులో మా పిల్లలను అందరికన్నా ఎక్కువ కనిపెట్టుకుని ఉన్నది పెళ్ళి కాని ఒక ఉపాధ్యాయిని, భార్య పోయిన ఒక పెద్దాయన. మధ్యాహ్నం ఇంట్లో ఉండేది వాళ్ళే.

ఆఫీసు దూరం సంగతి చాలామంది మరిచిపోతారు. రోజువారీ ప్రయాణం పది నిమిషాలు పెరిగితే నలుగురితో కలిసే సందర్భాలు పది శాతం తగ్గుతాయని రాజనీతి శాస్త్రవేత్త రాబర్ట్ పట్నం 2000లో రాశారు. ఎంత చక్కని వీధైనా మీరు రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరితే అది మీకు ఖాళీ వీధే. కొనాలన్న ఆలోచన ఉంటే ముందు ఏడాది అద్దెకు ఉండండి, ఇంతకు మించి దాని మీద చెప్పేది లేదు.

వీధి కుదిరాక అందులో ఏ ఇల్లన్నది కూడా కొంచెం ఆలోచించండి. అందరూ ఆటంకమని తప్పించుకునే ఇల్లే నేను కోరుకుంటాను: మెట్ల పక్కది, కింది అంతస్తుది, అందరూ గుమ్మం ముందు నుంచే నడిచే ఇల్లు. కాస్త చప్పుడు ఉంటుంది, ఎవరో ఒకరు తొంగిచూస్తారు. నిద్ర తేలికైనవాళ్ళు ఇంట్లో ఉంటే వద్దు. లేకపోతే అదే మంచిది.

చేరిన తర్వాత తొందరపడకండి. పరిచయం మామూలు స్నేహంగా మారడానికి సుమారు 50 గంటలు, దగ్గరి స్నేహం కావడానికి 200 గంటలకు పైగా కలిసి గడపాలని జెఫ్రీ హాల్ అనే పరిశోధకుడు 2018లో లెక్కగట్టారు. గేటు దగ్గర రోజుకు పావుగంట చొప్పున మాట్లాడితే 50 గంటలకు 200 రోజులు. అంటే ఆరేడు నెలలు. రెండో నెలలోనే "ఇక్కడా అంతేనండీ, ఎవరూ కలవరు" అని చేతులెత్తేసినవాళ్ళను చాలామందిని చూశాను, వాళ్ళలో నేనూ ఒకదాన్ని. మొదటి వారంలో చేయాల్సింది ఒకటుంది. సాయం చేస్తామని చెప్పడం కాదు, సాయం అడగండి. సుత్తి అడగండి, నీళ్ళు ఎన్నింటికి వస్తాయో అడగండి, మంచి డాక్టరు ఎవరో అడగండి. సాయం చేస్తామంటే ఎదుటివాళ్ళు మొహమాటంతో వద్దంటారు. అడిగితే మాత్రం ఇస్తారు, తర్వాత తిరిగి ఇవ్వడానికి మీరు మళ్ళీ వాళ్ళింటికి వెళ్ళాలి. మాకు నిచ్చెన చేసిపెట్టిన పని అదే.

మీ రెండు ఇళ్ళలో నా మొగ్గు సందులోని పాత ఇంటి వైపే అని ఈపాటికి అర్థమై ఉంటుంది. కానీ నా మాట మీద అడ్వాన్సు ఇవ్వకండి, ఆ సందు నేను చూడలేదు. ఆదివారానికి ఇంకా రెండు పనిదినాల సాయంత్రాలు ఉన్నాయి. రేపు బడి వదిలే వేళకు పిల్లలిద్దరినీ తీసుకుని వెళ్ళండి. బాబు చేతికి ఒక బంతి ఇచ్చి, మీరు ఏదైనా గోడ మీద కూర్చోండి. అరగంటలో ఎవరైనా పిల్లవాడు బంతి వైపు వస్తాడా, ఎవరైనా పెద్దవాళ్ళు మీ దగ్గరికి వచ్చి "ఎవరింటికండీ?" అని అడుగుతారా చూడండి. ఆ అడగడంలో కాస్త అనుమానం ఉన్నా పర్వాలేదు. అడిగినవాళ్ళనే తాళం సంగతి అడగండి. ఎల్లుండి రాత్రి మీరొక్కరే వెళ్ళి, దీపాలు ఎలా ఉన్నాయో, ఆ వేళకు ఆడవాళ్ళు నడుస్తున్నారో లేదో చూసి రండి. ఏం కనిపించిందో ఇక్కడ రాస్తే, శనివారం లోపు చదివి జవాబిస్తాను.